నాస్తికుని రోగశయ్య – ఆస్తికుని ప్రార్థన

ఇంటిలో నొకరికి జబ్బు చేసినప్పుడు దేవునికి మ్రొక్కుకొనుట మన కుటుంబములలో క్రొత్త సంగతి కాదు. ఒకవంక వైద్యునికి కబురు పంపుచునే, వేఱొకవంక తల్లి పసుపుగుడ్డలో ముడుపు కట్టును. రోగి తానును భక్తుడైనచో ఈ మ్రొక్కునుగూర్చి చర్చ పుట్టదు. కాని యతడు దేవుడు లేడని నిశ్చయించుకొన్నవాడును, ఆ నిశ్చయమును దాచక నలుగురిలో చెప్పినవాడును అయినచో నేమి చేయవలెను? అట్టివానికొఱకు ఆస్తికులు ప్రార్థింపవచ్చునా? ప్రార్థించుట యతనిని గౌరవించుటయా, అవమానించుటయా? ప్రార్థింపక యూరకుండుట నిర్దయ కాదా? ఒకే కప్పుక్రింద ఆస్తికులును నాస్తికులును కలిసి కాపురము చేయు కుటుంబములు నేడు పెక్కు గలవు. అందుచే నిది పండితుల వాదమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. మన వంటిండ్లలోను పడకగదులలోను పుట్టు ప్రశ్న.

మేము దైవమును నమ్మువారిలోనివారము. కావున ఈ వ్యాసమున మేము చెప్పబోవు మాటలు ఇతరులకంటె ముందు మాకే వర్తించును. కేవలతర్కముచేత దీనిని తేల్పబూనిన ఇరుపక్షములవారును తమ తమ సిద్ధాంతములనే మరల మరల చెప్పుకొనుటతో సరిపోవును. అందువలన చరిత్ర నాశ్రయింపదలచితిమి. పేరుపడిన అవిశ్వాసులు రోగశయ్యపై నున్నప్పుడు వారిచుట్టు నిలిచిన విశ్వాసు లేమి చేసిరో, దానివలన నేమి జరిగెనో చూచినచో మన కర్తవ్యము కొంత తేటపడగలదు.

స్కాట్లండు తత్త్వవేత్తయైన డేవిడ్ హ్యూము 1776 వ సంవత్సరమున ఎడింబరో నగరములో ఉదరవ్యాధిచే క్షీణించుచుండెను. అతనిని నాస్తికుడనుటకంటె సంశయవాది యనుట సరి. అయినను మతవిశ్వాసము లేనివాడని లోక మెఱుగును. ఆ యేడు జూలై 7 వ తేది ఆదివారమునాడు జేమ్సు బాస్వెల్ అతనిని చూడబోయెను. ఆనాడు చర్చికి వేళ మించిపోగా హ్యూమునొద్దకు పోయితినని బాస్వెల్లే వ్రాసికొనియున్నాడు. చావు ముంగిట నిలిచియు నితడు పరలోకమును నమ్మడా యని తెలిసికొనుటయే యాతని కుతూహలము. హ్యూము ప్రసన్నత చెడకుండ, నమ్మనని బదులు చెప్పెను. కలవరపడినవాడు రోగి కాదు, చూడవచ్చినవాడే. ఆగస్టు 25 వ తేదిని హ్యూము మరణించెను. అతడు ప్రశాంతముగా కన్నుమూసెనని మిత్రుడైన ఆదాము స్మిత్తు ఒక లేఖలో వ్రాయగా, అది 1777 లో అచ్చుపడినతోడనే స్మిత్తుపై నిందలవాన కురిసెను. బ్రిటను వాణిజ్యపద్ధతి నంతటిని ఖండించుచు తాను రచించిన మహాగ్రంథము తెచ్చిన నిందకంటె ఈ యొక్క కాగితము తెచ్చిన నింద పదిరెట్లు హెచ్చని యతడు తరువాత చెప్పుకొనెను.

ఒక మిత్రుడు నెమ్మదిగా మరణించెనని చెప్పుట నేరమెట్లయ్యెను? ఆ కాలపు ఐరోపాలో అవిశ్వాసి మరణశయ్య న్యాయస్థానముగా మాఱియుండెను. నమ్మనివాడు మృత్యువును చూచి భయపడి తీరవలెను. ఆ భయము మతసత్యమునకు సాక్ష్యము కావలెను. భయపడలేదని చెప్పినవాడు సాక్ష్యమును చెఱిపిన దోషి. అట్టి గదిలో మోకరిల్లినవాని ప్రార్థనలో రోగికంటె వాదమునకే యెక్కువ చోటు దొరకును. నేడు మనము ప్రార్థన చేసెదమన్నప్పుడు నాస్తికులు కొందఱు మొగము చిట్లించుటకు కారణము గర్వమే యని తలపరాదు. ఈ పాత న్యాయస్థానము వారికి జ్ఞాపకమున్నది.

నూఱేండ్లు గడచిన పిమ్మట ఇంగ్లండులో నిట్టిదే వేఱొక శయ్య కానవచ్చుచున్నది. చార్లెస్ బ్రాడ్లా తాను నాస్తికుడనని బాహాటముగా చెప్పుకొన్న నాయకుడు. 1880 లో నార్తాంప్టను పట్టణమునుండి కామన్సుసభకు ఎన్నికయ్యెను. దైవముపేర ప్రమాణము చేయుటకు మాఱుగా సత్యముగా ప్రకటన చేయుదునని యతడు కోరగా సభ యంగీకరింపలేదు; పిమ్మట ప్రమాణమే చేయుదునన్నను ఒప్పుకొనలేదు. రెంటిలో నేదియు చేయనీయరాదని ఆ యేడు జూన్ 22 వ తేదిని తీర్మానించెను. ప్రజలు మరల మరల ఎన్నుకొన్నను 1886 వఱకు ఆతనికి తన స్థానమున నెమ్మదిగా కూర్చుండు భాగ్యము కలుగలేదు. దైవప్రమాణమునకు బదులు ప్రకటన చేయుటకు హక్కు నిచ్చు చట్టము 1888 లో ఆతని కృషివలననే వచ్చెను. భారతదేశపు కష్టములను పార్లమెంటులో వినిపించినవారిలో ముఖ్యుడై, 1889 డిసెంబరులో బొంబాయి కాంగ్రెసు మహాసభకును విచ్చేసెను.

1891 జనవరిలో బ్రాడ్లా మంచము పట్టెను. ఆ నెల 27 వ తేదిని, 1880 నాటి తీర్మానమును సభాచర్యల పుస్తకమునుండి కొట్టివేయవలెనని కామన్సుసభ నిశ్చయించెను. ఆ వార్తను తెలిసికొని సంతోషించు స్థితిలో ఆతడు లేడు. మూడు దినములలో, 30 వ తేదిని మరణించెను. ఆ సభలో అత్యధికసంఖ్యాకులు క్రైస్తవులు. నాస్తికుడైన రోగికి ఆస్తికులు ఈయగల కానుకలలో నింతకంటె శ్రేష్ఠమైనది మాకు కానరాలేదు. ఆతని మనస్సు మాఱవలెనని వారు కోరలేదు. తమ మనస్సు మార్చుకొనిరి. అయితే పదునొకండేండ్లు ఆలస్యమయ్యెను.

ఆ కాలముననే జరిగిన మఱియొక సంగతిని గృహస్థులు ముఖ్యముగా గమనింపవలెను. బ్రాడ్లా కుమార్తె హైపేషియా బ్రాడ్లా బానరు, తన తండ్రి కడపటి జబ్బులో మతమునుగూర్చి యొక్క మాటయైనను పలుకలేదని, పరిచర్య చేసినవారిచేత వ్రాయించి సంతకములు చేయించి యుంచుకొనెను. తండ్రి కడదినములలో దేవుని శరణు చొచ్చెనను కట్టుకథ పుట్టునని యామె యెఱుగును. పుట్టనే పుట్టినది కూడ. తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డ దుఃఖముతోపాటు సాక్ష్యములను సైతము కూర్చుకొనవలసివచ్చుట ఎంతటి దైన్యము! ఆ దైన్యమునకు హేతువు భక్తిపేరిట నితరులు చూపిన యాత్రమే.

బ్రాడ్లా అంత్యక్రియలకు లండనులోని భారతీయులు పెక్కుమంది పోయిరి. వారిలో న్యాయశాస్త్రము చదువుచుండిన ఇరువదియొకటేండ్ల మోహనదాసు గాంధి యొకడు. ఆతడు తన ఆత్మకథలో చెప్పిన వృత్తాంతము ఇచ్చట స్మరింపదగినది. క్రైస్తవ మతాచార్యులు కొందఱు వచ్చి మృతునికి కడసారి గౌరవము చూపిరి. తిరుగుదారిలో రైలుకొఱకు వేచియుండగా నాస్తికుడొకడు వారిలో నొకనిని పట్టుకొని, నీ దేవుని పరిమాణ మెంత, ఎక్కడ నున్నాడని నిలదీసెను. మన యిద్దఱి హృదయములలో నున్నాడని ఆచార్యుడు చెప్పెను; ఎదుటివాడు దానిని గేలిచేయగా వినయముతో మౌనము వహించెను. ఆనాటి సభ్యత ఆచార్యునిదే. సాటివాని దుఃఖసమయమును వాదమునకు వాడుకొనుట ఒక్క మతమువారి తప్పే కాదని దీనివలన తెలియుచున్నది.

ఇవి సభలలోను వీధులలోను జరిగినవి. ఇంటిలోపలి సంగతికి చార్లెస్ డార్విను సంసారమే మంచి నిదర్శనము. ఈ ప్రకృతిశాస్త్రజ్ఞుడు దాదాపు నలువదియేండ్లు రోగబాధ పడినవాడు. క్రైస్తవవిశ్వాసమును క్రమముగా విడిచెను. తనను నాస్తికుడనుటకంటె అజ్ఞేయవాది యనుట యుక్తమని 1879 లో నొక లేఖలో వ్రాసెను. భార్య ఎమ్మా భక్తురాలు. వివాహమైన క్రొత్తలో, 1839 ప్రాంతమున, భర్త సందేహములవలన తన కెంత భయము కలుగుచున్నదో యామె లేఖగా వ్రాసి చేతికిచ్చెను. మరణముతో తమ బంధము ముగిసిపోవునేమో యనునదే యామె భయము. దానిని తానెన్నియో పర్యాయములు ముద్దిడి కన్నీరు కార్చితినని, తాను పోయిన పిదప ఆమెకు తెలియవలెనని, డార్విను ఆ లేఖపై వ్రాసియుంచెను. 1861 లో భర్త బాధను చూచి యామె మరల వ్రాసెను. బాధను దేవుని చేతినుండి వచ్చినదానిగా గ్రహించుటయే తన కూఱట యనియు, ఆతని మనస్సును అటు తిరుగవలెనని కోరుదుననియు దాని సారాంశము. ఆ లేఖ యడుగున, దైవ మామెను దీవించుగాక యని వ్రాసి డార్విను సంతకము చేసెను. నమ్మనివాడు నమ్మినదాని కామె భాషలోనే శుభము కోరెను! ఇట్టి దాంపత్యమున ఎవరి ప్రార్థన యెవరికి భారమగును?

డార్విను 1882 ఏప్రిల్ 19 వ తేదిని మరణించెను. ముప్పదిమూడేండ్ల తరువాత, 1915 లో, లేడీ హోపు అను మతప్రచారకురాలి కథ అమెరికాలోని యొక పత్రికలో వెలువడెను. డార్విను చరమదశలో బైబిలు చదువుచు, తన సిద్ధాంతమునుగూర్చి వగచుచుండగా తాను చూచితినని యామె చెప్పెను. డార్విను కుమార్తె హెన్రియెట్టా 1922 లో దీనిని ఖండించుచు, తండ్రి మరణసమయమున తాను చెంత నుంటిననియు, ఆ స్త్రీ యే జబ్బులోను వారి యింటికి రాలేదనియు ప్రకటించెను. ఐనను ఆ కథ నేటికిని కొందఱి నోట వినవచ్చుచునే యున్నది. నలువదిమూడేండ్లు కాపురము చేసి, భర్త మనస్సు మాఱవలెనని మనసార కోరిన ఎమ్మా, ఆతడు మాఱెనని ఎన్నడును చెప్పలేదు. ఏ సంబంధమును లేని యన్యురాలు చెప్పెను. ప్రార్థించువారిలో ప్రేమ యెచ్చట నున్నదో, విజయకాంక్ష యెచ్చట నున్నదో తెలిసికొనుటకు వేఱొక గీటురాయి యక్కఱలేదు.

ప్రార్థనవలన రోగము కుదురునా యను ప్రశ్నను కూడ తప్పించుకొని పోరాదు. 1871 డిసెంబరులో ఇంగ్లండు యువరాజునకు విషజ్వరము రాగా దేశమంతట చర్చిలలో ప్రార్థనలు జరిగెను. ఆతడు కోలుకొనగా 1872 ఫిబ్రవరిలో లండను సెంటుపాల్ దేవాలయమున కృతజ్ఞతోత్సవము చేసిరి. ఆ యేడే, ఒక ఆసుపత్రిలోని కొందఱు రోగులకొఱకు ప్రత్యేకముగా ప్రార్థనలు జరిపించి, ఫలమును ఇతర ఆసుపత్రులతో పోల్చి చూడుడను సూచనను భౌతికశాస్త్రజ్ఞుడు టిండాల్ ప్రచురింపించెను. వెంటనే ఫ్రాన్సిస్ గాల్టను లెక్కలు తీసెను. రాజుల దీర్ఘాయువునకై ప్రజలు నిత్యము ప్రార్థింతురు గదా. కాని యతడు చూపిన పట్టికలో 97 మంది రాజవంశీయుల సగటు ఆయుర్దాయము 64.04 ఏండ్లు. సంపన్నవర్గములలో నన్నిటికంటె నదియే తక్కువ.

2006 లో ప్రచురితమైన యొక పరిశోధనలో, అమెరికాలో హెర్బర్టు బెన్సను మొదలగు వైద్యులు ఆఱు ఆసుపత్రులలో గుండెకు శస్త్రచికిత్స పొందిన 1,802 మంది రోగులను పరీక్షించిరి. తమకొఱకు ప్రార్థనలు జరుగునో లేదో తెలియనివారిలో, ప్రార్థన జరిగినవారికి నూటికి 52 మందికిని, జరుగనివారికి నూటికి 51 మందికిని ఉపద్రవములు కలిగెను. ప్రార్థన జరుగునని నిశ్చయముగా తెలిసినవారిలో మాత్రము నూటికి 59 మందికి కలిగెను. ఈ హెచ్చు కాకతాళీయము కావచ్చునని పరిశోధకులు తలచిరి; మేమును దానినుండి పెద్ద సిద్ధాంతము కట్టము. కాని భక్తులు రెండు సంగతులు నేర్వవచ్చును. ప్రార్థనను ఔషధమువలె తూచబూనిన నది తూగదు. కావున నాస్తికుడు కోలుకొన్నచో, మా ప్రార్థనయే నిన్ను బ్రతికించినదని చెప్పుటకు మన కధికారము లేదు. మఱియు, నీకొఱకు ప్రార్థించుచున్నామని రోగితో చెప్పుట యెల్లప్పుడును మేలే చేయునని తలచుటకు ఆధారము లేదు.

ఈ ప్రశ్న మన కాలమున అందఱి నోటను నానినది క్రిస్టఫర్ హిచ్చెన్సు జబ్బుతో. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ రచయిత మతములన్నిటిని ఖండించుచు 2007 లో నొక గ్రంథము ప్రకటించి ప్రసిద్ధుడయ్యెను. 2010 జూన్ మాసమున ఆతనికి అన్నవాహికలో పుట్టకుఱుపు బయటపడెను. అది దేవుడు వేసిన శిక్షయని సంతోషించినవారు కొందఱు. కోలుకొనవలెనని ప్రార్థించినవారు కొందఱు. దేహముకంటె ఆత్మ ముఖ్యమని, ఆతడు మతమును స్వీకరింపవలెనని ప్రార్థించినవారు కొందఱు. 2010 సెప్టెంబరు 20 వ తేదిని ఆతనికొఱకు అందఱును ప్రార్థించు దినముగా కొందఱు ప్రకటించిరి. ఆతడు తన వ్యాసములలో వీరి నందఱను ఒకే గాటికి కట్టలేదు. కోలుకొనవలెనని కోరినవారి సద్భావమును మన్నించెను. మనశ్శాంతి కలుగునెడల ప్రార్థించుకొనుడనెను. కాని తాను మాఱుదునని ఆశపడవలదని స్పష్టపఱచెను. నొప్పిచేతను మందులమత్తుచేతను వివశుడనై ఎప్పుడైన దేవుని పిలిచితినని మీరు వినినచో, అట్లు పలికినది నేను కానని తలపుడని ముందుగనే చాటెను. హైపేషియా తండ్రికొఱకు సంపాదించిన సాక్ష్యమును ఇతడు తనకొఱకు తానే వ్రాసికొనవలసివచ్చెను. నూటయిరువదియేండ్లలో ఆ న్యాయస్థానము మూతపడలేదన్నమాట.

అయినను ఆ శయ్యయొద్దనే మంచి యాదర్శమును గలదు. మానవుని జన్యుపటమును గుర్తించు మహాకార్యమునకు నాయకత్వము వహించిన ఫ్రాన్సిస్ కాలిన్సు దృఢవిశ్వాసము గల క్రైస్తవుడు. ఆతడు హిచ్చెన్సుకు మిత్రుడై, ఆతని వ్యాధికి క్రొత్త చికిత్స వెదకుటలో తన శాస్త్రజ్ఞానముతో తోడ్పడెను. మిత్రునికొఱకు ప్రార్థించెను గూడ. అయితే ఆ ప్రార్థనను చికిత్సకు వెలగా నడుగలేదు. 2011 డిసెంబరు 15 వ తేదిని హిచ్చెన్సు తన మతమునందే, అనగా ఏ మతమును లేకయే, మరణించెను.

ఇక మన దేశమునకు వత్తము. బ్రాడ్లా శవమువెంట నడచిన యువకుడు నలువదియేండ్లకు మహాత్ముడై, 1931 లో సత్యమే దేవుడని నిర్వచించుచు బ్రాడ్లాను తలచుకొనెను. ఆతడు నాస్తికుడనని చెప్పుకొన్నను, సత్యమునకు భయపడినవాడు గావున దైవభీతి గలవాడనియే తాను భావింతుననెను. ఆతడు బ్రదికియున్నచో ఈ మాట నొప్పుకొనడనియు గాంధిగారే యెఱుగుదురు. ఇది గొప్ప యౌదార్యమే. కాని చనిపోయినవాని కాతడు వలదన్న పేరు పెట్టుట గాదా యని మాకు సందేహము.

ఆ సందేహమునకు సమాధానము గాంధిగారి కడపటి యేండ్లలోనే దొరకుచున్నది. ఆంధ్రుడైన నాస్తికుడు గోపరాజు రామచంద్రరావు, అనగా గోరాగారు, 1940 లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తికకేంద్రమును స్థాపించి, అస్పృశ్యతానివారణకై పాటుపడినవారు. గాంధిగారితో తమ యభిప్రాయములను నిస్సంకోచముగా చర్చించిరి. తమ కుమార్తె మనోరమను హరిజనయువకునకు ఇచ్చి పెండ్లిచేయ సంకల్పింపగా, ఆ వివాహము సేవాగ్రామ ఆశ్రమమున జరుగవలెనని గాంధిగారు కోరిరి. వివాహవిధిలో దేవుని పేరున్నచోట సత్యమను మాట నుంచుట కంగీకరించిరి. 1948 జనవరి 30 న గాంధిగారు హతులైరి. అయినను మార్చి నెలలో ఆ వివాహము సేవాగ్రామముననే జరిగెను. నిత్యము ప్రార్థించు మహాభక్తుడు నాస్తికుని బిడ్డ శుభకార్యమున తన దేవుని పేరును ప్రక్కకు పెట్టుట కొప్పుకొనిరి. శుభమునందు చూపదగిన ఈ మర్యాద జబ్బునందు మఱింత చూపదగినది. ఏలయన, పెండ్లిపీటలపై నున్నవారు లేచిపోగలరు. మంచముపై నున్నవారు లేచిపోలేరు.

ఇచ్చట భక్తులు ఒక యాక్షేపము చెప్పుదురు. ఆత్మకు నాశము కలుగునని నిజముగా నమ్మినవాడు దేహస్వస్థత మాత్రమే కోరి యూరకుండునా? నీటమునుగువాని చేయి పట్టుకొనుటకు అనుమతి యడుగుదుమా? ఈ యాక్షేపము తేలికైనది కాదు. నమ్మినవాడు తన దేవునితో నేకాంతమున ఏమి మొఱపెట్టుకొనునో దానిని శాసించు హక్కు ఎవరికిని లేదు. ఎమ్మా కోరినట్లు కోరవచ్చును. ఆమె చెప్పినట్లు ప్రేమతో నొకసారి చెప్పవచ్చును. కాని విని, ఆలోచించి, వలదన్నవానిని మునుగుచున్నవానితో పోల్చరాదు. ఆతడు నీటిలో లేడు. తాను ఎన్నుకొన్న గట్టుపై నున్నాడు. బలము సన్నగిల్లిన వేళ చూచి ఆ గట్టునుండి లాగబూనుట రక్షణ యనిపించుకొనదు.

మొదట చెప్పిన ముడుపుకడకు తిరిగివత్తము. కొడుకు నమ్మడని యెఱిగియు తల్లి తిరుపతి వేంకటేశ్వరునికి మ్రొక్కుకొన్నది. అది యామె ప్రాణము చెప్పిన మాట. దానిని తప్పుపట్టువాడు మాతృహృదయ మెఱుగనివాడు. కాని కొడుకు తలనీలాలిచ్చునని మ్రొక్కినచో, ఆమె యితరుని సొమ్మును దేవునికి వాగ్దానము చేసినట్లయినది. కోలుకొన్న కొడుకు మ్రొక్కు తీర్పననును. తీర్పకున్న నేమి కీడు మూడునో యని తల్లి కుములును. మందులతో పోయిన జబ్బు మాటలలో మరల ఇల్లు సొచ్చును. ఇట్టి కలహములు మన యిండ్లలో నెన్ని లేవు! తల్లి తన యుపవాసమును మ్రొక్కుకొనవచ్చును, తన నగను మ్రొక్కుకొనవచ్చును, తానే కొండ యెక్కివచ్చెదనని మ్రొక్కుకొనవచ్చును. కొడుకు శిరస్సు కొడుకుది. ఆ కొడుకును తన వంతుగా, తల్లి కొండకు పోవునాడు బండి కుదిర్చి, మెట్లదగ్గఱవఱకు తోడుపోయినచో ఆతని నాస్తికతకు లోప మేమియు రాదు.

కావున నాస్తికునికొఱకు ఆస్తికుడు ప్రార్థింపవచ్చును. ప్రేమ గలవాడు ప్రార్థింపకుండ నుండజాలడు. అయితే ప్రార్థన ముగించి లేచిన పిమ్మట రోగిగదిలో ప్రవేశించునప్పుడు, ఆతడు అడిగిన మంచినీళ్లనో, మందునో, వార్తాపత్రికనో చేతబట్టుకొని పోవలెను. దేవునితో చెప్పిన మాట దేవునియొద్దనే యుండనిచ్చి, ఆ రాత్రి మేలుకొని రోగికి కాపుండవలెను.